లె గోల్ఫ్ నేషనల్ (ఫ్రాన్స్) – 8 మంది, 8 రాత్రులు: ప్లాన్ చూసి తప్పులు చెప్పండి

గోల్కొండ_గ్రీన్స్

అందరికీ నమస్కారం. మొత్తం ఎనిమిది మందిమి. ఆరుగురం హైదరాబాద్ నుంచి, ఇద్దరు ఇంగ్లండ్ నుంచి. హ్యాండిక్యాప్‌లు 9 నుంచి 28 దాకా ఉన్నాయి (ఆటలో ఎవరి స్థాయి ఎంతో చెప్పే అంకె, తక్కువైతే ఆట మెరుగు). అసలు ఉద్దేశం ఒకటే, పారిస్ పక్కన గుయాన్‌కూర్‌లో ఉన్న లె గోల్ఫ్ నేషనల్‌లో ఆల్బట్రాస్ కోర్సు ఆడాలి. 2018 రైడర్ కప్, 2024 ఒలింపిక్స్ జరిగింది అక్కడే. ఇప్పటికి అనుకున్నది ఇది:

సెప్టెంబర్ చివరి వారం. శనివారం పారిస్ చేరి, ఆదివారం ఉదయమే ఆల్బట్రాస్. సోమవారం అదే క్లబ్బులో ఎగ్ల్ కోర్సు. మంగళవారం శాంతియీ. బుధవారం మోర్‌ఫోంతేన్. గురు, శుక్ర ఉత్తర సముద్రతీరంలోని లె తుకే. మధ్యలో ఎక్కడైనా ఒక రోజు పారిస్. తిరగడానికి 9 సీట్ల వ్యాన్ ఒకటి.

వీసా, కోర్సు బుకింగ్, బండి, బ్యాగులు, దేని గురించైనా చెప్పండి.

దక్కన్_డ్రైవర్

ముందు మోర్‌ఫోంతేన్ కొట్టేయండి. అది సభ్యులు పిలిస్తేనే అడుగుపెట్టగలిగే క్లబ్బు. బయటివాళ్లకి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) అమ్మరు. మెయిల్ రాసి ఎదురుచూడటం వల్ల రెండు వారాలు పోతాయి తప్ప వచ్చేది ఏమీ లేదు.

శాంతియీ అలా కాదు. ప్రైవేటు క్లబ్బే అయినా పని దినాల్లో బయటివాళ్లని తీసుకుంటుంది. మీరు ఆడాలనుకునేది అక్కడి వీనుయ్ కోర్సు, టామ్ సింప్సన్ చెయ్యి పడినది. మెయిల్‌లో తేదీ, ఎంతమంది, ఒక్కొక్కరి హ్యాండిక్యాప్ ఇండెక్స్, మీ సొంత క్లబ్బు పేరు రాయండి. 28 ఉన్నవాళ్ల సంగతి విడిగా అడగండి. పాత క్లబ్బులు చాలావాటిలో పై పరిమితి ఉంటుంది, రోజును బట్టి అది మారుతుంది కూడా.

ఇక మొదటి రోజే ఆల్బట్రాస్ అన్నది ఈ ప్లాన్ మొత్తంలో పెద్ద తప్పు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన ఒళ్లు, మూడున్నర గంటల టైమ్ తేడా, కొత్త గడ్డి. మొదటి హోల్ ఎడమ పక్క పొడవునా నీళ్లే. రెండోది నీళ్ల మీదుగా కొట్టాల్సిన పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్). అక్కడే నాలుగు బంతులు పోతే మిగతా పదహారు హోల్స్ ఆడిన ఆనందం ఉండదు. ఎగ్ల్ ముందు, ఆల్బట్రాస్ తరువాత. ఎగ్ల్‌ని చిన్నచూపు చూడకండి, అదీ 18 హోల్స్ పూర్తి కోర్సే. గ్రీన్స్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎలా పరిగెడుతున్నాయి, రఫ్ (పక్కల పెంచిన పొడవు గడ్డి) ఎంత పట్టేస్తోంది అన్నది అక్కడే తెలిసిపోతుంది.

పారిస్_పక్కవీధి

తేదీల గురించి నేను చెబుతాను, ఇక్కడివాళ్లకే తట్టే విషయాలు కొన్ని ఉన్నాయి.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఫ్రెంచ్ ఓపెన్ గోల్ఫ్ టోర్నమెంట్ ఉంటుంది. 1991 నుంచి దాదాపు ప్రతిసారీ ఆల్బట్రాస్ మీదే జరిగింది. 2025లో మాత్రం సెయింట్ నోమ్ లా బ్రెతెష్‌లో పెట్టారు. మీరు వచ్చే ఏడాది ఎక్కడ, ఏ వారం అన్నది ముందు చూసుకోండి. టోర్నమెంట్ ఇక్కడైతే ఆ వారమే కాదు, దానికి ముందు కొన్ని రోజులు కూడా ఆల్బట్రాస్ బయటివాళ్లకి దొరకదు. స్టాండ్లు కట్టడం, రఫ్ పెంచడం అన్నీ అప్పుడే. ఇంకోటి, గ్రీన్స్‌కి రంధ్రాలు కొట్టి ఇసుక పోసే పని ఫ్రాన్స్‌లో చాలా క్లబ్బులు వసంతంలో ఒకసారి, ఆగస్టు చివర్లోనో సెప్టెంబర్ మొదట్లోనో మరోసారి పెట్టుకుంటాయి. ఆ తరువాత పది రోజులు పుట్టింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఫీజు మాత్రం చాలాచోట్ల తగ్గదు. బుకింగ్ మెయిల్‌లోనే ‘కరొటాజ్’ (ఆ రంధ్రాల పని) ఎప్పుడు అని అడగండి, తేదీ చెబుతారు.

మే నెల పైకి బాగుంటుంది కానీ సెలవుల నెల. 1, 8 తేదీలు, అసెన్షన్ గురువారం, కొన్ని సంవత్సరాల్లో పెంటెకోస్ట్ సోమవారం కూడా మేలోనే పడతాయి. గురువారం సెలవు వస్తే శుక్రవారం కలుపుకుని నాలుగు రోజులు ఊరంతా కోర్సుల మీదే ఉంటుంది, పేరుకి పని దినమైనా రేటు వారాంతానిదే. ఆగస్టులో కోర్సులు ఖాళీగానే ఉంటాయి గానీ ఆఫీసుల్లో మెయిల్‌కి జవాబిచ్చేవాళ్లు తక్కువ.

నా ఓటు జూన్ రెండో వారం తరువాత. రోలాండ్ గ్యారోస్ టెన్నిస్ అయిపోయి హోటళ్లు కాస్త దిగుతాయి. బేసి సంవత్సరాల్లో మాత్రం జూన్ మధ్యలో లె బూర్జె ఎయిర్ షో ఉంటుంది, ఆ వారం ఉత్తర పారిస్ వైపు గదుల జోలికి వెళ్లకండి. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి పది దగ్గర. మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెట్టినా తీరిగ్గా 18 అవుతాయి. సెప్టెంబర్ చివర్లో ఎనిమిది లోపే చీకటి పడుతుంది.

గోల్కొండ_గ్రీన్స్

మోర్‌ఫోంతేన్ తీసేశాను. జూన్ మధ్యకి మార్చడానికి అందరూ ఒప్పుకున్నారు. వీసాకి ఎప్పుడు కదలాలి?

రూల్స్‌పుస్తకం

షెంగెన్ (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి ఉమ్మడి వీసా) దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆలస్యమైనా 15 రోజుల ముందు పడాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, ఇంకేవైనా అడిగితే 45 దాకా సాగుతుంది. జూన్‌కి వెళ్లేవాళ్లు మార్చి మొదట్లోనే వీఎఫ్ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) అపాయింట్‌మెంట్ పట్టాలి. ఏప్రిల్, మేలలో స్లాట్లు దొరకవు, వేసవి సెలవుల జనమంతా అక్కడే. ఫ్రాన్స్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. పెద్దలకి ఫీజు 90 యూరోలు (2024 జూన్ నుంచి), పైన వీఎఫ్ఎస్ సేవా రుసుము.

పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, అక్కడి నుంచి బయలుదేరే తేదీ తరువాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకి. ఎనిమిది మందిలో ఎవరి ఫైలు వారిదే. ఒకరి పేరు మీద అన్ని గదులు బుక్ చేస్తే మిగతావాళ్ల పేర్లు కూడా ఆ కాగితంలో కనబడాలి. చాలా గ్రూపులు ఇక్కడే ఇరుక్కుంటాయి. టీ టైమ్ కన్ఫర్మేషన్లు కవరింగ్ లెటర్‌కి జత చెయ్యండి. ఏ రోజు ఎక్కడున్నారో చెప్పే మంచి ఆధారం అవి. వీసా వచ్చేదాకా డబ్బు తిరిగిరాని హోటల్, టికెట్ కొనొద్దు.

ఇంగ్లండ్ మిత్రుల దగ్గర భారతీయ పాస్‌పోర్టు ఉంటే, బ్రిటన్‌లో ఎన్నేళ్లు ఉన్నా షెంగెన్ వీసా విడిగా కావాల్సిందే, అక్కడి నుంచే పెట్టుకోవాలి. గత మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సరిగ్గా వాడినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ అడగొచ్చు. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకి ఆ వెసులుబాటు ఉంది. పాత వీసాల కాపీలు తప్పకుండా పెట్టాలి.

ఇన్సూరెన్స్ గురించి ఇంకో మాట. వీసా కోసం కొనే పాలసీ మీ వైద్య ఖర్చుకే. మీ బంతి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే? ఫ్రెంచ్ ఆటగాళ్లకి ఫెడరేషన్ లైసెన్సుతో పాటు ఆ బాధ్యత బీమా వస్తుంది. మీకు రాదు. పర్సనల్ లయబిలిటీ ఉన్న పాలసీ తీసుకోండి, అందులో గోల్ఫ్ మినహాయింపుల జాబితాలో లేదని చదివి చూసుకోండి. కిట్ పోవడం, విరగడం మరో విడి కవర్.

ఈస్ట్‌పాయింట్_వైజాగ్

హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ మర్చిపోకండి సార్. మన దగ్గరా అక్కడా వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమే కాబట్టి ఇండెక్స్ అంకె నేరుగా చెల్లుతుంది. ఫోన్ యాప్‌లో చూపిస్తే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు. సొంత క్లబ్బు లెటర్‌హెడ్ మీద తేదీతో ముద్రించిన కాగితం ఉంటే ఎక్కడా ప్రశ్న రాదు. నెల లోపు తేదీ అయితే మంచిది.

వెడ్జ్52

బుకింగ్ వరస ఇలా పెట్టుకోండి: ఆల్బట్రాస్ టీ టైమ్ ముందు, మిగతావన్నీ దాని చుట్టూ. విమానం టికెట్లు కొన్నాక కోర్సు వెతికితే ఆ రోజు ఏదో కంపెనీ పోటీ ఉందని తెలుస్తుంది. ఎనిమిది మందికి వరసగా రెండు టైమ్‌లు కావాలి, మధ్య ఎనిమిది నుంచి పది నిమిషాలు. నలుగురు పొద్దున, నలుగురు మధ్యాహ్నం అయితే రోజు రెండుగా చీలిపోతుంది. గ్రూపు అని మెయిల్ రాస్తే అడ్వాన్సు అడుగుతారు. రద్దు గడువు ఎన్ని రోజుల ముందో జవాబు మెయిల్‌లో రాయించుకోండి.

చార్యో అంటే చేత్తో లాగే ట్రాలీ. వ్వాత్యూరెత్ అంటే బగ్గీ. క్యాడీలు (బ్యాగు మోసే సహాయకులు) ఉండరు. హైదరాబాద్‌లో క్యాడీ గీత చెబితే పుట్ కొట్టే అలవాటు ఉన్నవాళ్లకి అసలు తేడా ఇక్కడే. బంతి ఎక్కడ పడిందో చూడటం, బంకర్ రేక్ చెయ్యడం, పిచ్ మార్కు (గ్రీన్ మీద బంతి పడ్డ గుంట) సరిచెయ్యడం, దూరం కొలవడం అన్నీ మీరే. లేజర్ రేంజ్‌ఫైండర్ జట్టుకి కనీసం రెండు ఉండాలి. బగ్గీలు తక్కువ, వాన పడితే అసలు వదలరు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకి బుకింగ్‌లోనే రాయించండి. ఆల్బట్రాస్ ఇప్పుడు చదునుగా ఉండదు. అసలు నేల చదునే గానీ కట్టడాల మట్టి లారీలతో తెచ్చి గుట్టలు పోశారు, నడక అలుపే.

మూడోపుట్

దూరాల గురించి ఎవరూ ఎత్తలేదు, స్కోరు పోయేది అక్కడే.

ఫ్రాన్స్‌లో అన్నీ మీటర్లలో. స్కోర్‌కార్డు, ఫెయిర్‌వే గుర్తులు, బుక్‌లెట్ అన్నీ. 150 మీటర్లు అంటే 164 గజాలు. బోర్డు చూసి అలవాటుగా గజాలనుకుని కొడితే 14 గజాలు పొట్టి. ఒక క్లబ్బు (కొట్టే కర్ర) మార్చినంత తేడా కంటే ఎక్కువ. లేజర్‌ని ఇంట్లోనే మీటర్లకి మార్చి రెండు వారాలు ఆడండి, లేదా లేజర్‌ని గజాల్లోనే ఉంచి కోర్సు గుర్తులు చూడటం పూర్తిగా మానేయండి. రెండూ కలిపితేనే తప్పు వస్తుంది.

దాని మీద చలి. వేసవిలో హైదరాబాద్‌లో 38 డిగ్రీల్లో కొట్టే బంతికీ, జూన్ ఉదయం గుయాన్‌కూర్‌లో 13 డిగ్రీల్లో కొట్టే బంతికీ డ్రైవర్‌తో 8–10 గజాల తేడా వస్తుంది. చల్లగాలి చిక్కన, బంతి కూడా గట్టిపడుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు, గుయాన్‌కూర్ 160 చుట్టుపక్కల. ఎత్తు వల్ల 150 గజాల షాట్‌కి ఇంకో రెండు గజాలు పోతాయి. నేల తడిగా ఉంటే పడ్డాక దొర్లదు. అన్నీ కలిపితే ఉదయం పూట ఒక క్లబ్బు పెద్దది తీసుకోవడం సరిపోతుంది, ఎదురుగాలి ఉంటే రెండు. వైజాగ్ వాళ్లకి ఎత్తు లెక్క ఉండదు, వేడి లెక్క మాత్రం ఉంటుంది.

గడ్డి కూడా వేరు. మన గ్రీన్స్ బెర్ముడా, గడ్డి వాలిన వైపుకి బంతి లాగుతుంది. అక్కడ బెంట్, పోవా రకాలు. గడ్డి వాలు ప్రభావం చాలా తక్కువ, నేల వాలే చూడాలి. గడ్డి మెరుపు చూసి గీత మార్చుకునే అలవాటు మానాలి. జూన్‌లో రఫ్ పచ్చిగా, చిక్కగా ఉంటుంది. చీలమండ దాటిన గడ్డిలో ఫైవ్ వుడ్ తీస్తే బంతి పది అడుగులు కూడా కదలదు. వెడ్జ్‌తో ఫెయిర్‌వే మీదకి తెచ్చుకోవడమే. సాండ్ వెడ్జ్ బౌన్స్ (అడుగు భాగం కోణం) 10–12 ఉన్నది తెచ్చుకోండి, మెత్తటి నేలలో సన్నటి వెడ్జ్ తవ్వుకుపోతుంది.

గోల్కొండ_గ్రీన్స్

మూడోపుట్ గారు, ఏ టీల (మొదటి షాట్ కొట్టే చోట్ల) నుంచి ఆడాలో కూడా చెప్పండి. మావాళ్లలో నలుగురు టోర్నమెంట్ టీల నుంచే ఆడతామని పట్టు.

మూడోపుట్

ఫ్రాన్స్‌లో రంగులు వెనక నుంచి ముందుకి నలుపు, తెలుపు, పసుపు, నీలం, ఎరుపు. రైడర్ కప్ అప్పుడు ఆల్బట్రాస్ పొడవు 7,183 గజాలు, అంటే దాదాపు 6,570 మీటర్లు, పార్ 71. ఇక్కడ ఒక లెక్క వాడండి: మీ ఫైవ్ ఐరన్ నికర దూరాన్ని 36తో గుణించండి. 150 గజాలు అయితే 5,400 గజాలు, అంటే 4,940 మీటర్ల దగ్గర. ఆ పొడవుకి దగ్గరగా ఉన్న టీ మీది. 170 కొట్టేవాడికి 6,120 గజాలు, సుమారు 5,600 మీటర్లు. నలుపు టీలకి న్యాయం చెయ్యాలంటే ఫైవ్ ఐరన్ 200 గజాలు పోవాలి. ఆ నలుగురిని ఈ ఒక్క అంకె అడగండి చాలు.

పైగా టోర్నమెంట్ టీల నుంచి ఆడాలా వద్దా అన్నది మీ చేతిలో ఉండకపోవచ్చు. ఇండెక్స్‌ని బట్టి స్టార్టర్ (ఆట మొదలుపెట్టించే క్లబ్బు మనిషి) చెప్పిన టీయే.

రూల్స్‌పుస్తకం

మీలో మీరు పోటీ పెట్టుకునేటప్పుడు ఇంట్లో ఉన్న ఇండెక్స్‌తోనే లెక్క వేయకండి. కోర్స్ హ్యాండిక్యాప్ = ఇండెక్స్ × స్లోప్ (మామూలు ఆటగాళ్లకి ఆ టీ ఎంత కష్టమో చెప్పే అంకె) ÷ 113, దానికి మంచి ఆటగాడి అంచనా స్కోరైన కోర్స్ రేటింగ్‌లోంచి పార్ తీసేసిన తేడా కలపాలి. ఉదాహరణకి స్లోప్ 140, రేటింగ్ 74, పార్ 72 ఉన్న టీ అనుకుందాం. ఇండెక్స్ 18 వాడికి 18 × 140 ÷ 113 = 22.3, దానికి 2 కలిపితే 24. అంటే ఆరు స్ట్రోకులు అదనం. అసలు అంకెలు ఆ రోజు టీకి సంబంధించిన పట్టికలో ఉంటాయి, స్టార్టర్ దగ్గర ఫొటో తీసుకోండి. హోల్‌కి ఇన్ని పాయింట్లని లెక్కపెట్టే ఒక్కొక్కరి స్టేబుల్‌ఫర్డ్ అయితే అందులో 95 శాతం, ఫోర్‌బాల్ మ్యాచ్ ప్లే (ఇద్దరిద్దరు జట్టుగా, హోల్ హోల్‌కి గెలుపోటములు) అయితే 90, ఫోర్‌బాల్ స్టేబుల్‌ఫర్డ్ అయితే 85.

28 ఉన్నవాళ్లు ఉన్న జట్టుకి ఆల్బట్రాస్ మీద స్టేబుల్‌ఫర్డే సరైనది. 15వ హోల్ గ్రీన్‌కి నీళ్లు అడ్డం, 16 నీళ్ల పక్క పార్ 3, 18లో ఎడమ పక్క పొడవునా నీళ్లు. స్ట్రోక్ ప్లే (ప్రతి దెబ్బా లెక్కపెట్టే పోటీ) పెడితే ఈ మూడింట్లోనే రౌండు ఆరు గంటలకి సాగుతుంది. పాయింట్లు రావని తేలగానే బంతి తీసి జేబులో వేసుకోవాలి, మొహమాటం వద్దు.

ఎర్ర కర్రలున్న నీళ్లయితే బంతి గీత దాటిన చోటు నుంచి రెండు క్లబ్బుల లోపు, గ్రీన్‌కి దగ్గర కాకుండా వదలొచ్చు. పసుపు కర్రలైతే పక్కన వదిలే హక్కు లేదు: వెనక్కి గీత మీద, లేదా కొట్టిన చోటుకే. వెతకడానికి మూడు నిమిషాలే. ఓబీ (కోర్సు హద్దు బయట పడిందన్న) అనుమానం ఉంటే ‘ప్రొవిజనల్’ (తాత్కాలిక బంతి) అని నోటితో చెప్పి కొట్టాలి. చెప్పకుండా కొడితే అదే ఆటలో ఉన్న బంతి అవుతుంది.

సర్రే_తెలుగు

నాకు తెలిసిన భాగం లె తుకే. ఇంగ్లండ్ మిత్రులు టన్నెల్‌లో కారుతో వస్తే 35 నిమిషాల్లో కలే వైపు, అక్కడి నుంచి లె తుకే 70 కి.మీ. లోపే. వాళ్లు పారిస్ దాకా రావడం కంటే మీరు అటు వెళ్లి అక్కడ కలవడం సుఖం.

అక్కడ రెండు పెద్ద కోర్సులు, 9 హోల్స్‌ది ఒకటి. లా మేర్ హ్యారీ కోల్ట్ 1931లో చేసిన సముద్రపు ఇసుక దిబ్బల కోర్సు. లా ఫొరె పైన్ చెట్ల మధ్య. లా మేర్ మీద గాలే అసలు ఆట. ముందు రోజు లా ఫొరె ఆడితే చెట్ల నీడలో చెయ్యి కుదురుతుంది, ఆ తరువాత లా మేర్. దిబ్బల మీద పిచ్ షాట్ కన్నా నేల మీద దొర్లించే షాటే మంచిది. సెవెన్ ఐరన్‌తో దొర్లించడం ఇంటి దగ్గరే సాధన చెయ్యండి.

శని, ఆదివారాల్లో అక్కడికి వెళ్లొద్దు. పారిస్ వాళ్లూ ఇంగ్లండ్ వాళ్లూ ఇద్దరూ వారాంతానికి దిగేది అక్కడే.

పారిస్_పక్కవీధి

లె తుకే బాగుంటుందన్నదాంట్లో నాకు తేడా లేదు. ఒక్క రాత్రికి మాత్రం వెళ్లకండి. గుయాన్‌కూర్ నుంచి 250 కి.మీ. పైనే, దారిలో పారిస్ చుట్టూ తిరగాలి, మూడు గంటలకి తక్కువ కాదు. రెండు రాత్రులుంటేనే వెళ్లండి, లేకపోతే ఆ సమయంలో ఆల్బట్రాస్ రెండోసారి ఆడటం మేలు. ఒకసారి ఆడితే నీళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది, రెండోసారి కోర్సు తెలుస్తుంది. ఇది నా గట్టి అభిప్రాయం.

సర్రే_తెలుగు

రెండు రాత్రులు అన్నది ఒప్పుకుంటాను. కానీ హైదరాబాద్ నుంచి అంత దూరం వచ్చి అసలైన లింక్స్ (సముద్రపు ఇసుక దిబ్బల) తరహా కోర్సు ఒక్కటీ ఆడకపోవడం అన్యాయం. మన దగ్గర దొరకనిది అదే. శాంతియీ వదిలినా లా మేర్ వదలొద్దు.

దక్కన్_డ్రైవర్

వ్యాన్ సంగతి. 9 సీట్ల బండిలో ఎనిమిది మంది, ఎనిమిది గోల్ఫ్ బ్యాగులు, ఎనిమిది సూట్‌కేసులు పట్టవు. ఏ కంపెనీ బండైనా అంతే. మూడో వరస సీట్ల వెనక నాలుగు బ్యాగులు నిలబెట్టే చోటు కూడా కష్టం. ఆరుగురే అయితే ముందు మూడు, మధ్య మూడు సీట్లలో కూర్చుని చివరి వరస మడిచి సామాను పెట్టొచ్చు, పొడవు బండి అయితేనే. సీట్లు మడవొచ్చా, తీయొచ్చా అన్నది అద్దె ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి. మిగతా ఇద్దరు ఇంగ్లండ్ కారులో ఉంటారు కాబట్టి మీకు కుదిరిపోయింది.

బండి ఎత్తు కాగితం మీద చూసుకోండి. రెండు మీటర్లు దాటితే టోల్ రెండో తరగతి. అంతకంటే ముఖ్యం, పారిస్ పడమర వైపు ఏ86 మీద రుయ్, వెలిజీల మధ్య డ్యూప్లెక్స్ సొరంగం ఉంది, అందులో రెండు మీటర్ల పైన బండ్లకి ప్రవేశం లేదు. విమానాశ్రయం నుంచి గుయాన్‌కూర్‌కి నావిగేషన్ చాలాసార్లు అదే దారి చూపిస్తుంది. పైన లగేజీ పెట్టె బిగిస్తే బండి ఎత్తు మారిపోతుందని గుర్తుపెట్టుకోండి.

అద్దెకి డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు, డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు. ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అసలు లైసెన్సుతో కలిపితేనే చెల్లుతుంది. మోటర్‌వే మీద 130, వానలో 110. రెండు వైపుల రోడ్డు మీద సాధారణంగా 80, ఊళ్లో 50. కుడి పక్క నుంచి వచ్చే బండికి దారివ్వాలన్న నియమం చిన్న ఊళ్లలో ఇంకా గట్టిగా ఉంది, బోర్డు లేకపోతే ఆగాల్సింది మీరే. మెషీన్ ‘రూపాయల్లో చెల్లిస్తారా’ అని అడిగితే వద్దని యూరోలే నొక్కండి.

వెడ్జ్52

బ్యాగు సర్దడం: చాలా ఎయిర్‌లైన్లలో చెకిన్ బ్యాగుకి 23 కిలోల పరిమితి. 14 క్లబ్బులు, బూట్లు, రెయిన్ సూట్, డజను బంతులు పెడితే 16–18 దాకా వస్తుంది. బట్టలు దానిలోనే కుక్కితే దాటుతుంది. డ్రైవర్ తల విప్పి సాక్సులో చుట్టి పెట్టండి, రెంచ్ కూడా చెకిన్‌లోనే. బ్యాగు లోపల డ్రైవర్ కన్నా కాస్త పొడవైన గట్టి కర్ర నిలబెడితే తలకిందులుగా పడ్డా దెబ్బ కర్రకే. విరిగేది ఎక్కువగా షాఫ్ట్ మెడ దగ్గరే. రేంజ్‌ఫైండర్, పవర్ బ్యాంకు చేతి సామానులో. ఎలక్ట్రిక్ ట్రాలీ తేవాలనుకుంటే, లిథియం బ్యాటరీ 100 వాట్ అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ఎక్కించరు.

కొత్త, ఖరీదైన సెట్ అయితే శంషాబాద్‌లో బయలుదేరే ముందు కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు అక్కడ కొన్నారా అన్న ప్రశ్న రాదు. అరగంట ముందు వెళ్తే చాలు.

విమానం మారే చోట కనీసం రెండున్నర గంటలు ఉంచండి. మనిషి పరిగెత్తి అందుకుంటాడు, గోల్ఫ్ బ్యాగు అందుకోదు. పొడవాటి సామాను వేరే బెల్టు మీద వస్తుంది. బెల్టు దగ్గర రాలేదని కంగారు పడకుండా ఓవర్‌సైజ్ కౌంటర్ చూడండి.

ఈస్ట్‌పాయింట్_వైజాగ్

తిండి గురించి ఒక మాట. క్లబ్బు రెస్టరెంట్ వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకి మూసేస్తారు. పదకొండుకి టీ టైమ్ అయితే రౌండు ముగిసేసరికి చల్లటి శాండ్‌విచ్ తప్ప ఏమీ ఉండదు. తొమ్మిదికి ముందు మొదలుపెట్టండి, లేదా తిని ఒకటిన్నరకి. తొమ్మిది హోల్స్ అయ్యాక మన దగ్గరిలా టీ, ఆమ్లెట్ దొరుకుతుందని నమ్ముకోవద్దు, బ్యాగులో అరటిపళ్లు, వేరుశనగలు, చెక్కలు ఉండాలి. శాకాహారులు ‘వెజిటేరియన్’ అని ఆగకండి. చేప మాంసం కాదనుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. ‘సాఁ వియాంద్, సాఁ పువాసోఁ’ అని రెండూ చెప్పాలి. నీళ్ల సీసా కొననక్కర్లేదు, ‘కరాఫ్ దో’ అంటే కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు ‘బోంజూర్’ అనాలి. అది లేకుండా నేరుగా ప్రశ్న వేస్తే మర్యాద తప్పినట్టే, జవాబు పొడిగా వస్తుంది.

కాలర్ ఉన్న చొక్కా, జీన్స్ వద్దు, సాఫ్ట్ స్పైక్స్. రెండు జతల సాక్సులు రోజుకి, గ్లవ్స్ కనీసం మూడు.

గోల్కొండ_గ్రీన్స్

చాలా చాలా కృతజ్ఞతలు. అందరి మాటా విని మార్చినది ఇది:

శని: షార్ల్ ద గోల్‌లో దిగి శాంతియీలోనే బస, విమానాశ్రయానికి 30 కి.మీ. లోపే. ఆది: కోట చూసి, మధ్యాహ్నం లె తుకేకి. సోమ: లా ఫొరె. మంగళ: లా మేర్. బుధ: గుయాన్‌కూర్‌కి ప్రయాణం, విశ్రాంతి. గురు: ఎగ్ల్. శుక్ర: ఆల్బట్రాస్. శని: వెర్సాయ్. ఆది: తిరుగు ప్రయాణం. శాంతియీ కోర్సు వదిలేశాం. అందరం స్టేబుల్‌ఫర్డ్, పసుపు లేదా నీలం టీలు.

సర్రే_తెలుగు

మంచి ప్లాన్. మంగళవారం లా మేర్ టీ టైమ్ ఉదయమే తీసుకోండి. ఎండ రోజుల్లో సముద్రపు గాలి మధ్యాహ్నానికి పెరుగుతుంది.

పారిస్_పక్కవీధి

రెండు సవరణలు. వెర్సాయ్ శనివారం కిక్కిరిసి ఉంటుంది. కోట సోమవారం ఒక్కరోజే మూత, మిగతా అన్ని రోజులూ తెరుస్తారు. బుధవారం పొద్దున్నే లె తుకేలో బయలుదేరితే మధ్యాహ్నానికి వెర్సాయ్ చేరతారు, కోర్సుకి పక్క ఊరే. ముందే టైమ్ టికెట్ కొని మూడింటికి లోపలికి వెళ్లండి. సామానున్న వ్యాన్‌ని కోట ముందు వదలకుండా ముందు హోటల్లో బ్యాగులు దింపండి. కోర్సుని ఆనుకునే హోటల్ ఉంది, గురు, శుక్రవారాల్లో బండి తియ్యాల్సిన పనే ఉండదు.

అలా చేస్తే శనివారం ఖాళీ అవుతుంది. ఆల్బట్రాస్ రెండో రౌండుకి అదే రోజు. వారాంతపు రేటు ఎక్కువ, కానీ మధ్యాహ్నం తరువాతి టైమ్‌లకి తగ్గింపు ఉందేమో అడగండి, జూన్ వెలుతురు సరిపోతుంది. ఎనిమిది మందీ ఆడక్కర్లేదు, ఓపిక ఉన్న నలుగురికి ఒక్క టైమ్ చాలు. శుక్రవారం, శనివారం రెండూ ఒకే మెయిల్‌లో అడిగితే ఆఫీసు వాళ్లకీ సులువు.

గోల్కొండ_గ్రీన్స్

శనివారానికి ఇప్పుడే ఐదుగురు చెయ్యెత్తారు. ఒక టైమ్‌లో ఐదుగురిని పంపుతారా?

రూల్స్‌పుస్తకం

పంపరు, ఒక టైమ్‌కి నలుగురే. రెండు టైమ్‌లు అడగండి, మూడు, రెండుగా వెళ్లండి. ఇద్దరున్న జట్టుకి క్లబ్బు వేరేవాళ్లని కలపొచ్చు. అది వద్దనుకుంటే ఆరోవాణ్ణి ఒప్పించి మూడు, మూడు చెయ్యండి, అప్పుడు కలిపినా ఒక్కరే వస్తారు.

గోల్కొండ_గ్రీన్స్

మూడు, మూడు. రేపు ఉదయం క్లబ్బుకి మెయిల్ పంపుతున్నాను: శుక్రవారం రెండు టైమ్‌లు, శనివారం మధ్యాహ్నం తరువాత రెండు, బగ్గీ ఒకటి, గ్రీన్స్ పని తేదీలు, రద్దు గడువు. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.